ఒంటి లోతుల్లో దాగినదాన్ని వెలుతురుతో పట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

రామన్ స్పెక్ట్రోస్కోపీ మీద పనిచేస్తున్నానని తెలిసిన దగ్గర్నుంచి బంధువులు, విద్యార్థులు, స్కానింగ్ రిపోర్టు చేత్తో పట్టుకుని ఫోన్ చేసే స్నేహితులు ఇంచుమించు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. ప్రతిసారీ మొదటినుంచి చెప్పే బదులు ఒకచోట రాసి పెడితే అందరికీ పనికొస్తుందనిపించింది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొట్టమొదట వచ్చే సందేహాలు

వెలుతురు ఒంట్లోకి వెళ్తుందా? చర్మం దగ్గరే ఆగిపోదా?

వెళ్తుంది. రాత్రి లైట్లన్నీ ఆర్పేసి ఫోన్ టార్చి మీద అరచెయ్యి మూసి చూడండి. వేళ్లు ఎర్రగా వెలుగుతాయి. టార్చిది తెల్లని వెలుగు. అందులోని నీలం, ఆకుపచ్చ రంగుల్ని రక్తంలోని హీమోగ్లోబిన్ పీల్చేసుకుంది, మిగిలిన ఎరుపు వేలి మందం దాటి మీ కంటికి చేరింది. ఆసుపత్రిలో వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ పనిచేసేది కూడా ఇలా వేలు దాటి వచ్చే వెలుతురుతోనే.

అయితే ఏ రంగు వెలుతురు ఎక్కువ లోతుకు పోతుంది?

ఎరుపు చివర, దాన్ని దాటిన పరారుణం మొదలు. అంకెల్లో చెప్పాలంటే సుమారు 650 నుంచి 950 నానోమీటర్ల మధ్య. ఇంతకంటే తక్కువ తరంగదైర్ఘ్యం అయితే హీమోగ్లోబిన్ మింగేస్తుంది, ఎక్కువైతే కణజాలంలోని నీరు మింగేస్తుంది. నీటి శోషణ 970 దగ్గర ఒక గుట్టలా లేస్తుంది. ఈ రెండింటి మధ్యనున్న సందునే ఈ రంగంలో కిటికీ అంటారు. అందుకే లోతు కొలతలకు 785 లేదా 830 నానోమీటర్ల లేజర్లు వాడతారు. బజారులో దొరికే ఆకుపచ్చ లేజర్ పాయింటర్‌ది 532. కళ్లకు ఎంత ప్రకాశంగా కనిపించినా ఒంట్లో ఎంతో దూరం పోదు.

లోపలికి వెళ్తుంటే మరి ఎక్స్‌రేలాగా బొమ్మ ఎందుకు రాదు?

ఎక్స్‌రే చాలావరకు తిన్నగా దూసుకుపోతుంది. వెలుతురు అలా పోలేదు. కణజాలంలో మిల్లీమీటరులో పదోవంతు దూరానికోసారి ఏదో ఒకదానికి తగిలి పక్కకు తిరుగుతుంది. ఓ మిల్లీమీటరు దాటేసరికి అసలు ఏ దిక్కునుంచి బయలుదేరిందో కూడా మిగలదు. దీన్నే పరిక్షేపణం అంటాం.

సంక్రాంతి ముందు తెల్లవారుజామున హైవే మీద ప్రయాణించి ఉంటే ఇది మీకు తెలిసిన సంగతే. పొగమంచులో ఎదురుగా వచ్చేది లారీయా, బస్సా ఆకారం తెలియదు, ఒక వెలుగు ముద్ద కనిపిస్తుంది అంతే. కానీ ఆ ముద్ద పసుపా, ఎరుపా అన్నది మాత్రం తెలుస్తుంది. ఆకారాన్ని మంచు చెరిపేసింది, రంగును చెరపలేకపోయింది. ఈ రంగమంతా ఆ ఒక్క ఆధారం మీదే నిలబడింది: లోపలున్న వస్తువు బొమ్మ కోసం కాదు, అది వెలుతురు రంగులో చేసిన మార్పు కోసం వెతుకుతాం.

స్పెక్ట్రోస్కోపీ అంటే ఏమిటి? రామన్ పేరు ఇందులోకి ఎలా వచ్చింది?

వెలుతురును రంగులవారీగా విడదీసి, ఏ రంగు ఎంత ఉందో కొలవడం స్పెక్ట్రోస్కోపీ. ఒక రంగు లేజర్‌ను ఏ పదార్థం మీద వేసినా తిరిగొచ్చే వెలుతురు దాదాపు అంతా అదే రంగులో వస్తుంది. కోటి ఫోటాన్లలో, అంటే వెలుతురు రేణువుల్లో, ఏ ఒక్కటో మాత్రం అణువు కంపనానికి కాస్త శక్తి ఇచ్చేసి, రంగు మారి వస్తుంది. ఎంత మారిందన్నది ఆ అణువును బట్టి ఉంటుంది. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో సి.వి. రామన్, కె.ఎస్. కృష్ణన్‌తో కలిసి చేసిన పనిలో దీన్నే పట్టుకున్నారు. 1930లో రామన్‌కు నోబెల్ వచ్చింది. మనం ఆ తేదీన సైన్స్ దినోత్సవం చేసుకునేది అందుకే.

ఉదాహరణకు ఎముకలోని ఖనిజం, అంటే హైడ్రాక్సీఅపటైట్. దాని మార్పు సెంటీమీటరుకు 960 తరంగాల దగ్గర ఒక పదునైన శిఖరంగా కనిపిస్తుంది. 785 నానోమీటర్ల లేజర్ వేస్తే ఆ శిఖరం 849 నానోమీటర్ల దగ్గర వస్తుంది. ప్రోటీన్‌కు, కొవ్వుకు వేరే శిఖరాలుంటాయి. మనిషికి వేలిముద్ర ఎలాగో అణువుకు ఇది అలాగ.

## లోతు నుంచి సంకేతం రాబట్టడం

పైన చర్మం, కొవ్వు, కండ ఉంటాయి కదా. వాటి సంకేతంలో లోపలిది కొట్టుకుపోదా?

మామూలు పద్ధతిలో కొట్టుకుపోతుంది. లేజర్ పడిన చోటే సంకేతం తీసుకుంటే వచ్చేదాంట్లో అధికభాగం చర్మానిదే. చాలా ఏళ్లు రామన్ పద్ధతి పైపొరలు దాటలేకపోయింది ఇందుకే.

దీనికి మార్గం 2005లో ఇంగ్లండులోని రూథర్‌ఫర్డ్ ఆపిల్టన్ ప్రయోగశాలలో పావెల్ మాటుసెక్ బృందం చూపింది. చెప్పుకోడానికి ఆశ్చర్యపోయేంత సులువు. లేజర్ ఒకచోట వేయండి, సంకేతం మాత్రం కొన్ని మిల్లీమీటర్లు పక్కన తీసుకోండి. పక్కదాకా రాగలిగిన ఫోటాన్లు సగటున ఎక్కువ లోతుకు వెళ్లి, తిరిగి తిరిగి వచ్చినవి. అందువల్ల పక్కకు జరిగేకొద్దీ పైపొర సంకేతం త్వరగా పడిపోతుంది, లోపలి పొరది అంత త్వరగా పడిపోదు. లేజర్ పడిన చోట తీసిన వర్ణపటాన్ని (ఏ రంగు ఎంత ఉందో చూపే గీతను) తగినంత తగ్గించి, పక్కన తీసినదాంట్లోంచి తీసేస్తే లోపలి పదార్థపు శిఖరాలు మిగులుతాయి. దీన్ని స్పేషియల్లీ ఆఫ్‌సెట్ రామన్, పొట్టిగా సోర్స్ (SORS) అంటారు.

నన్ను ఈ రంగంలోకి లాగింది ఈ ఆలోచనే. కొత్త లేజర్ కనిపెట్టలేదు, కొత్త డిటెక్టర్ కనిపెట్టలేదు. చూసే చోటు కాస్త జరిపారు.

ఆసుపత్రి కంటే ముందు ఇది విమానాశ్రయానికి వెళ్లింది. ఇదే పద్ధతితో కోబాల్ట్ లైట్ సిస్టమ్స్ అనే సంస్థ చేసిన యంత్రం సీసా మూత తీయకుండానే లోపలి ద్రవం ఏమిటో చెబుతుంది. దానికి 2014లో బ్రిటన్ ఇంజినీరింగ్ అకాడమీ ఇచ్చే మాక్‌రాబర్ట్ బహుమతి వచ్చింది. 2017లో ఆ సంస్థను ఎజిలెంట్ కొనుక్కుంది.

ఒకవైపు లేజర్ వేసి రెండోవైపు నుంచి చూస్తే కుదరదా?

కుదురుతుంది, దాన్ని ట్రాన్స్‌మిషన్ రామన్ అంటారు. రొమ్ము, వేలు, చెవితమ్మె లాంటి రెండువైపులా అందే భాగాలకు ఇది బాగా నప్పుతుంది. వెలుతురు మొత్తం మందం దాటి రావాలి కాబట్టి పైపొర ఆధిపత్యం తగ్గి, మొత్తం మందానికి సంబంధించిన సమాచారం వస్తుంది. కడుపు, వీపు లాంటి చోట్ల అవతలివైపుకు చేరేలోపే వెలుతురు అయిపోతుంది.

బంగారు నానో కణాలు ఎక్కిస్తారని చదివాను. ఎందుకు?

రామన్ సంకేతం పుట్టుకతోనే బలహీనం. 1974లో సౌతాంప్టన్‌లో ఫ్లైష్‌మన్ బృందం గరుకు వెండి ఉపరితలానికి అంటుకున్న పిరిడిన్ అనే రసాయనం నుంచి అనుకోనంత బలమైన సంకేతం చూసింది. లోహపు ఉపరితలం దగ్గర కాంతి క్షేత్రం విపరీతంగా పెరగడం దానికి ముఖ్య కారణమని తర్వాత తేలింది. పెరుగుదల లక్షల రెట్లు ఉండొచ్చు.

ఒంట్లో వాడేటప్పుడు బంగారు నానో కణానికి బాగా శిఖరాలిచ్చే రంగు అణువును అంటిస్తారు. పైన క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టే ప్రతిరక్షకం (యాంటీబాడీ) లాంటిది తొడుగుతారు. అది కణితి దగ్గర చేరితే అక్కడ ఒక దీపం వెలిగించినట్టే. 2010లో బ్రిటన్ పరిశోధకుడు నికొలస్ స్టోన్, మాటుసెక్, గ్లాస్గోలోని స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయపు రసాయన శాస్త్రవేత్తలు కలిసి 25 మిల్లీమీటర్ల జంతు కణజాలంలో దాచిన ఇలాంటి కణాల సంకేతం పట్టారు. 2019లో ఎలుకల మెదడులోని కణితిని పుర్రె తెరవకుండానే ఈ కణాల సాయంతో గుర్తించారు.

ఇబ్బంది కూడా చెప్పాలి. ఎక్కించిన కణాల్లో చాలా భాగం కణితికి కాక కాలేయానికి, ప్లీహానికి చేరుతుంది. అక్కడ ఎంతకాలం ఉంటుంది, ఏం చేస్తుంది అన్నది తేలకుండా మనుషుల్లో రోజువారీ వాడకానికి తేకూడదని నా అభిప్రాయం.

నిజాయితీగా చెప్పండి, ఎంత లోతు వరకు చూడగలరు?

ఏమీ ఎక్కించకుండా, ఒంటిలోని సహజ పదార్థాన్ని వెతికితే అనుకూల పరిస్థితుల్లో సెంటీమీటరు, రెండు సెంటీమీటర్ల స్థాయి. అదికూడా ఎముక ఖనిజం లాంటి గట్టి సంకేతమిచ్చే పదార్థమైతేనే. నానో కణాలతో అయితే 2022లో 71 మిల్లీమీటర్ల మందం దాటి పట్టిన ప్రయోగం ప్రచురించారు.

ఈ అంకెలు వినేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఇవి ప్రయోగశాలలో కదలకుండా పెట్టిన కణజాలం మీద వచ్చినవి. బతికున్న మనిషి ఊపిరి తీస్తాడు, రక్తం పారుతుంది, కదులుతాడు.

## దొరికింది సరే, ఎక్కడుంది?

లోపల ఉందని తెలిశాక ఎంత లోతులో ఉందో ఎలా లెక్కిస్తారు?

నాకు ఇందులో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. పరిక్షేపణం వల్ల ఆకారం పోతుంది గానీ, ప్రయాణించిన దూరం మాత్రం రంగుల మీద గుర్తు వదిలిపోతుంది.

ఒక నానో కణానికి రెండు శిఖరాలున్నాయనుకోండి, ఒకటి సెంటీమీటరుకు 960 తరంగాల దగ్గర, ఇంకొకటి 1600 దగ్గర. 830 నానోమీటర్ల లేజర్‌తో చూస్తే మొదటిది 902 నానోమీటర్ల రంగులో, రెండోది 957 నానోమీటర్ల రంగులో బయటకు రావాలి. 957 అంటే నీటి శోషణ గుట్టకు బాగా దగ్గర. కాబట్టి కణజాలంలో ప్రతి మిల్లీమీటరుకూ రెండో శిఖరం మొదటిదానికన్నా ఎక్కువ నష్టపోతూ వస్తుంది. పుట్టినప్పుడు రెండూ సమానమైతే, బయటకొచ్చేసరికి రెండోది ఎంత కుంగిందో చూసి దారి పొడవు చెప్పవచ్చు. సాయంత్రం సూర్యుడు ఎర్రబడటాన్ని చూసి వెలుతురు ఎంత గాలి దాటి వచ్చిందో ఊహించినట్టే, కాకపోతే అక్కడ పని చేసేది పరిక్షేపణం, ఇక్కడ శోషణ.

అవతలివైపు నుంచి చూసే ట్రాన్స్‌మిషన్ పద్ధతిలో ఇంకో సొగసు ఉంది. మొత్తం మందం మారదు. కానీ దాగిన వస్తువు దాకా వెలుతురు లేజర్ రంగులో వెళ్తుంది, అక్కడినుంచి మారిన రంగుల్లో వెళ్తుంది. వస్తువు లేజర్ వైపుకు దగ్గరగా ఉంటే మారిన రంగుల ప్రయాణం పొడవు, డిటెక్టర్ వైపుకు ఉంటే పొట్టి. శిఖరాల నిష్పత్తి ఆ వాటాను బయటపెడుతుంది. మాటుసెక్, స్టోన్‌లతో పాటు సారా మోస్కా ఈ మార్గంలో ముఖ్యమైన పని చేశారు.

మిల్లీమీటరు తేడా లేకుండా చెప్పగలరా?

ఒకే రకం కణజాలంలో, ముందే కొలతలు సరిచూసుకుని ఉంటే కొన్ని మిల్లీమీటర్ల లోపు చెప్పడం సాధ్యమే. నిజమైన శరీరంలో కష్టం మొదలవుతుంది, ఎందుకంటే కొవ్వులో నీరు తక్కువ, కండలో ఎక్కువ. దారిలో ఏది ఎంత ఉందో తెలియకపోతే శిఖరాల నిష్పత్తి నుంచి తీసిన లోతు తప్పుతుంది. అందుకే అదే చోట ఆ రంగులు ఎంత నష్టపోతున్నాయో విడిగా కొలిచి కలుపుకోవాలి.

పక్కల విషయంలో, అంటే కుడికా ఎడమకా అన్నదానికి, ప్రోబ్‌ను, అంటే ఒంటికి ఆనించి సంకేతం తీసుకునే మొనను, గళ్లుగళ్లుగా జరుపుతూ సంకేతం ఎక్కడ ఎక్కువుందో చూస్తారు. లోతు పెరిగేకొద్దీ ఆ మచ్చ వెడల్పవుతుంది.

## రోగి వైపు నుంచి వచ్చే ప్రశ్నలు

మామోగ్రామ్‌లో క్యాల్షియం చుక్కలున్నాయన్నారు. వెలుతురుతో అది క్యాన్సరో కాదో తేలుతుందా?

ఈ ప్రశ్న అడిగినవాళ్ల గొంతులో భయం నాకు తెలుసు, కాబట్టి ముందు ఒక మాట. ఈ రోజుకి దీనికి జవాబు మీ డాక్టరు చెప్పే పరీక్షలే. బయాప్సీ చేయించుకోమంటే చేయించుకోండి. వెలుతురు పరీక్ష వస్తుందని ఎదురుచూస్తూ ఒక్క వారం కూడా ఆగొద్దు. క్యాల్షియం చుక్కల కోసం ముక్క తీసి పరీక్షించినవాటిలో చాలావరకు క్యాన్సర్ కాదనే వస్తుంది.

ఇక శాస్త్రం విషయం. మామోగ్రామ్‌లో క్యాల్షియం ఏ రూపంలో ఉన్నా తెల్లని చుక్కే. రేడియాలజిస్టు వాటి ఆకారం, అవి గుంపుకట్టిన తీరు చూసి అంచనా వేస్తారు. రసాయనంగా మాత్రం ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి క్యాల్షియం ఆక్సలేట్, ఇది ఎక్కువగా హాని లేని మార్పుల్లో కనిపిస్తుంది. రెండోది హైడ్రాక్సీఅపటైట్, ఇది హాని లేనివాటిలోనూ క్యాన్సర్‌లోనూ ఉంటుంది. రామన్ వర్ణపటంలో ఈ రెండూ స్పష్టంగా వేరు. అపటైట్ శిఖరం సెంటీమీటరుకు 960 తరంగాల దగ్గర, ఆక్సలేట్‌ది 1477 దగ్గర. పైగా క్యాన్సర్‌తో వచ్చే అపటైట్‌లో కార్బొనేట్ వాటా తక్కువగా ఉండే ధోరణి ఉంది. 2002లో అమెరికాలోని ఎం.ఐ.టి. బృందం తీసిన ముక్కల మీద ఈ తేడాలు చూపింది. తర్వాత స్టోన్, మాటుసెక్ అదే సంకేతాన్ని రొమ్మును పోలిన మందపాటి నమూనాల్లోంచి, కోత లేకుండా పట్టవచ్చని చూపించారు.

అంటే ఆశ ఏమిటంటే, మామోగ్రామ్ చుక్క ఎక్కడుందో చూపిస్తే వెలుతురు అది ఏ పదార్థమో చెప్పాలి, అక్కర్లేని బయాప్సీలు తగ్గాలి. అసలు రొమ్ములోని చుక్కలు నమూనాల్లో పెట్టినవాటికన్నా చాలా చిన్నవి, చెదిరి ఉంటాయి. ఆ దూరం ఇంకా దాటాల్సి ఉంది.

ఎముకల జబ్బులకు పనికొస్తుందా?

ఇక్కడ దారి కొంత తేలిక, ఎందుకంటే ముంజేయి, వేలు, కాలిపిక్క ముందువైపు ఎముక చర్మానికి దగ్గరగా ఉంటుంది. 2006లోనే మనిషి బొటనవేలి ఎముక సంకేతాన్ని చర్మం పైనుంచి పట్టారు. డెక్సా స్కాన్ ఎముకలో ఖనిజం ఎంత ఉందో చెబుతుంది. ఎముక బలం ఖనిజంతో పాటు కొలాజెన్ అనే ప్రోటీన్ మీద కూడా ఆధారపడుతుంది. రామన్‌లో రెండూ కనిపిస్తాయి. పుట్టుకతో ఎముకలు పెళుసుగా ఉండే జబ్బులో లోపం చాలావరకు కొలాజెన్‌లోనే కాబట్టి లండన్‌లో దాని మీద పనిచేశారు.

లేజర్ కదా, ఒళ్లు కాలదా? రేడియేషన్ ప్రమాదం ఉందా?

ఎక్స్‌రేకి ఉన్న అయనీకరణ శక్తి ఈ వెలుతురుకు లేదు, కాబట్టి ఆ భయం అక్కర్లేదు. జాగ్రత్త వేడి గురించే. 785 నానోమీటర్ల దగ్గర చర్మం మీద ఆగకుండా వేయడానికి అంతర్జాతీయ పరిమితి చదరపు సెంటీమీటరుకు సుమారు 0.3 వాట్లు. మిట్టమధ్యాహ్నపు ఎండ అదే చోట సుమారు 0.1 వాట్లు. పరిమితి దాటకుండా ఎక్కువ వెలుతురు పంపాలంటే లేజర్‌ను చుక్కలా కాక వెడల్పుగా, కొన్నిసార్లు వలయంలా పరుస్తారు. కళ్లకు మాత్రం నిజంగా ప్రమాదం. ఈ రంగులు కంటికి సరిగా కనపడవు, రెప్ప తనంతట తాను మూసుకోదు. గదిలో ఉన్న ప్రతివారూ కళ్లద్దాలు పెట్టుకోవాల్సిందే.

మన రంగు చర్మం మీద పనిచేస్తుందా?

ఈ ప్రశ్న మనవాళ్లు ఇంకా గట్టిగా అడగాలి. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ వెలుతురును పీల్చి వేడెక్కుతుంది, ప్రతిదీప్తి (పీల్చిన వెలుతురును వేరే రంగులో వెదజల్లడం) పుట్టించి బలహీనమైన రామన్ శిఖరాలను కప్పేస్తుంది. తరంగదైర్ఘ్యం పెంచితే రెండు ఇబ్బందులూ తగ్గుతాయి, అందుకు 830 నానోమీటర్ల లేజర్ మేలు. పరికరాన్ని తెల్ల చర్మాల మీదే సరిచూసి మన మీద వాడితే ఏమవుతుందో పల్స్ ఆక్సీమీటర్ల విషయంలో చూశాం. నల్లని చర్మం ఉన్నవాళ్లలో అవి ఆక్సిజన్‌ను ఉన్నదానికంటే ఎక్కువ చూపుతున్నాయని 2020లో అమెరికా ఆసుపత్రుల లెక్కలు బయటపెట్టాయి. లోతు రామన్‌కు పరీక్షలు మొదలుపెట్టేటప్పుడే చామనఛాయ, నలుపు చర్మాలు లెక్కలో ఉండాలి.

ఈ పరీక్ష హైదరాబాద్‌లోనో విశాఖలోనో చేస్తారా?

చేయరు. సెంటీమీటర్ల లోతున కణితిని వెతికే రామన్ ఇప్పటికి పరిశోధన దశలోనే ఉంది. ఎవరైనా డబ్బు తీసుకుని చేస్తామంటే నమ్మకండి. ఆపరేషన్ బల్ల మీద మెదడు కణితి అంచును తాకి చూసే రామన్ ప్రోబ్‌ను కెనడాలోని మాంట్రియల్ వైద్యులు 2015లో రోగుల్లో వాడి చూపారు. అది తాకిన చోట మిల్లీమీటరు లోతు చూసే పరికరం, లోపల దాగినదాన్ని వెతికేది కాదు.

## చదవాలనుకునేవాళ్లకు

మన తెలుగు ప్రాంతానికి, మన దేశానికి ఇందులో ఏమైనా పాత్ర ఉందా?

ఉంది. రామన్ తండ్రి చంద్రశేఖర అయ్యర్ విశాఖపట్నం ఏ.వి.ఎన్. కళాశాలలో పాఠాలు చెప్పారు. రామన్ బడి చదువు ఆ ఊళ్లోనే సాగింది, పదకొండేళ్లకే మెట్రిక్యులేషన్ అయిపోయింది. కృష్ణా జిల్లాలో పుట్టిన సూరి భగవంతం కలకత్తాలో రామన్ దగ్గర పనిచేసి, తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆ శాస్త్రాన్ని పెంచారు. లోతు రామన్ విషయానికొస్తే, బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో శివ ఉమాపతి బృందం ఒకే వైపు కాక అనేక కోణాల నుంచి సంకేతం తీసే పద్ధతిని 2014లో ప్రచురించింది.

కాలేజీ ల్యాబ్‌లో చిన్న ప్రయోగం చేయవచ్చా?

785 లేజర్ ఉన్న రామన్ పరికరం, కదిలించగల ఫైబర్ ప్రోబ్ ఉంటే చేయవచ్చు. చికెన్ షాపులో ఎముక లేని రొమ్ము ముక్క కొని ఐదారు మిల్లీమీటర్ల మందాన కోయండి. దాని వెనక ఒక పారాసిటమాల్ బిళ్ల పెట్టండి. మొదట లేజర్ పడిన చోటే, తర్వాత రెండు, నాలుగు, ఆరు మిల్లీమీటర్లు పక్కన వర్ణపటం తీయండి. పారాసిటమాల్‌కు చెందిన 1168, 1324 శిఖరాలను గమనిస్తూ పోండి. పక్కకు జరిగేకొద్దీ మొత్తం వెలుతురు తగ్గుతుంది కాబట్టి కొలిచే సమయం పెంచాలి. గదిలో ట్యూబులైట్లు ఆర్పడం మర్చిపోవద్దు, వాటి గీతలు కూడా వర్ణపటంలోకి వచ్చేస్తాయి.

మాంసం తడికి బిళ్ల కరగకుండా పల్చటి పాలిథీన్ చుట్టాలి. మా దగ్గర ఒక విద్యార్థిని 1295 దగ్గర వచ్చిన చక్కటి శిఖరాన్ని చూసి, లోతు నుంచి సంకేతం దొరికిందని రెండు రోజులు సంబరపడింది. అది పాలిథీన్‌ది. మూడో రోజు ఖాళీ కవరు ఒక్కటే పెట్టి వర్ణపటం తీసి, తనే ఆ సంగతి కనిపెట్టి నాకు చెప్పింది. మీరు ఆ ఖాళీ కవరు కొలత మొదటి రోజే తీసుకోండి.